రెండు పలకలు

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో, కర్ణాటక రాష్ట్రపు తూర్పు అంచున నంగలి అనే ఊరు ఉంది. బెంగళూరు నుంచి కోలారు మీదుగా వచ్చే రహదారి ఈ ఊరు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని పలమనేరు వైపు సాగిపోతుంది. పన్నెండవ శతాబ్దంలో హొయసల రాజు విష్ణువర్ధనుడి రాజ్యానికి తూర్పు హద్దుగా శాసనాలు నంగలి కనుమను పేర్కొన్నాయి. ఆనాడు రాజ్యానికి, ఈనాడు రాష్ట్రానికి ఇది హద్దే. అయితే భాషలకు మాత్రం ఏనాడూ హద్దు కాలేదు. ఈ ప్రాంతపు సంతలో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. ఒకే వస్తువును నలుగురూ నాలుగు పేర్లతో పిలుస్తారు.

అలా పలు పేర్లున్న వాటిలో ఒక వాద్యం ఉంది. ఇక్కడి తెలుగువారు దానిని పలక అనీ, తప్పెట అనీ అంటారు. కన్నడంలో అది తమటె. తమిళులకు పఱై. తెలంగాణకు పోతే అదే డప్పు. పేర్లు వేరైనా వాద్యం ఒకటే.

పలక అనే మాటకు మన భాషలో మరొక అర్థం కూడా ఉంది. చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుకొనే పలక అందరికీ తెలిసినదే. మొదటిది మోగుతుంది, రెండవది చదువు చెబుతుంది. పేరు ఒకటే అయినా ఈ రెండు పలకలూ చాలాకాలం ఒకే చేతిలోకి రాలేదు. వాయించే పలక పట్టిన వాని బిడ్డకు రాసే పలక అందని కాలం ఒకటి ఉండేది. అందుకు కారణమేమిటో, ఆ స్థితి ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు ఆ వాద్యాన్ని గురించి తెలుసుకోవాలి.

పలక చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. గుండ్రని కొయ్య చట్రం, దానికి ఒక వైపున బిగించిన తోలు, వాయించడానికి రెండు పుల్లలు. ఇంతే దాని స్వరూపం. కాని దానిని తయారు చేయడం అంత సులభం కాదు. వంపు తిరిగిన కొయ్య ముక్కలను జోడించి ముందుగా చట్రాన్ని సిద్ధం చేస్తారు. మేక తోలునో, దూడ తోలునో సున్నపు నీటిలో నానవేసి, వెంట్రుకలు పోయేటట్లు గీకి శుభ్రం చేస్తారు. చింతగింజల పిండితో కాచిన జిగురును చట్రానికి పూసి, తడి తోలును దానిపై పరచి, నలువైపులా సమంగా లాగి బిగిస్తారు. తోలు ఆరేకొద్దీ ముడుచుకొని మరింత బిగుస్తుంది. ఒకవైపు ఎక్కువగాను, మరొకవైపు తక్కువగాను లాగితే నాదం చెడిపోతుంది. ఎంత లాగాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు. చేతికి తెలియవలసిందే.

వాయించేటప్పుడు పలకను ఎడమ భుజానికి తగిలించుకొని, ఎడమ చేతితో ఒంటికి ఆనించి పట్టుకుంటారు. కుడి చేతిలో పొట్టిగా, లావుగా ఉన్న పుల్ల ఉంటుంది. ఎడమ చేతి వేళ్ల మధ్య పొడవైన సన్నని పుల్ల ఉంటుంది. తెలంగాణ డప్పు కళాకారులు లావు పుల్లను సిర్ర అనీ, సన్నదానిని చిటికెన పుల్ల అనీ పిలుస్తారు. సిర్ర దెబ్బ గంభీరంగా మోగుతుంది. చిటికెన పుల్ల దెబ్బ సన్నగా, చురుగ్గా పలుకుతుంది. ఈ రెండు నాదాలను ఒకదానిలో ఒకటి అల్లి ఎన్నో దరువులు పుట్టించారు. పెండ్లి దరువు వేరు, జాతర దరువు వేరు, చావు దరువు వేరు, చాటింపు దరువు వేరు. పొలంలో పని చేసుకుంటున్న మనిషి తల ఎత్తి చూడకుండానే ఊళ్లో ఏమి జరుగుతున్నదో దరువును బట్టి గ్రహించేవాడు. వాయించేవారు నిలబడి ఊరుకోరు. వరుసగానో, వలయంగానో నిలిచి, దరువుకు తగినట్లు అడుగులు వేస్తూ, వంగుతూ, తిరుగుతూ ఆడుతారు. కాబట్టి పలక వాద్యకళ మాత్రమే కాదు, నృత్యకళ కూడా.

ఈ కళలో చూడదగిన మరొక ఘట్టం వాయింపుకు ముందు జరుగుతుంది. కళాకారులు ఒకచోట చేరి ఎండుగడ్డి, ఆకులు, పుల్లలు పోగు చేసి మంట వేస్తారు. దాని చుట్టూ నిలబడి తమ తమ పలకలను మంటకు చూపుతారు. మధ్యమధ్య పుల్లతో తట్టి, చెవి ఒగ్గి వింటారు. మళ్లీ కాస్త కాస్తారు. ఇది వేడుక కోసం చేసే పని కాదు. గాలిలోని తేమను పీల్చుకొని తోలు సడలిపోతుంది. సడలిన తోలు బొద్దుగా మోగుతుంది. వేడి తగిలితే తేమ ఆవిరై, తోలు ముడుచుకొని బిగుస్తుంది. బిగిసిన తోలు వేగంగా కంపించడం వల్ల నాదం హెచ్చి కణకణమని పలుకుతుంది. ఎక్కువ కాచితే తోలు పగులుతుంది, తక్కువ కాచితే పలక పలకదు. వీణకు బిరడలు ఎలాగో, పలకకు మంట అలాగు. అది వారి శ్రుతిపెట్టె.

పలక లేకుండా పల్లెలో ఏ కార్యమూ జరిగేది కాదు. గంగమ్మ జాతరకు పలక కావాలి. పెండ్లి ఊరేగింపుకు పలక కావాలి. రాయలసీమలోను, కర్ణాటకలోను మొహర్రం నెలలో పీర్లను ఎత్తుకొని గుండం చుట్టూ తిరిగేటప్పుడు కూడా ఈ వాద్యమే మోగుతుంది. హిందువుల అమ్మవారికీ, ముస్లిముల పీర్లకూ ఒకే వాద్యం, చాలా చోట్ల ఒకే కళాకారులు. పన్ను కట్టమన్నా, చెరువు తూము ఎత్తుతున్నామన్నా ఊరంతటికీ తెలియజేసేది పలక దెబ్బతో కూడిన చాటింపే. చివరకు మనిషిని కాటికి సాగనంపేదీ అదే.

ఇంతగా అందరికీ కావలసిన వాద్యాన్ని వాయించేవారిని మాత్రం ఊరు తనలో కలుపుకోలేదు. పలక వాయించవలసిన బాధ్యతను మాదిగ, మాల, హొలెయ, పఱైయర్ వంటి కులాలవారిపై మోపారు. వారి ఇండ్లు ఊరి వెలుపల ఉండేవి. దేవత ముందు వారి పలక మోగవలసిందే, కాని గుడి గడప దాటడానికి వారికి అనుమతి లేదు. పెండ్లి ఊరేగింపుకు వారే ముందు నడవాలి, కాని పెండ్లి పంక్తిలో కూర్చోరాదు. చావు కబురు ఎంత దూరమైనా వారే మోయాలి. రానని చెప్పే హక్కు లేదు. చాలా చోట్ల కూలి కూడా లేదు. కళ్లంలో కొలిచే కాసిన్ని గింజలే ప్రతిఫలం. వారి పిల్లలను బడి లోపలికి రానిచ్చేవారు కారు. రానిచ్చిన చోట దూరంగా కూర్చోబెట్టేవారు. మోగే పలక వారిది, రాసే పలక ఇతరులది అయిన తీరు ఇది.

దీనికి తోలును సాకుగా చూపేవారు. చచ్చిన పశువు తోలును ముట్టుకోవడం మైల అనేవారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. కచేరీ వేదికపై గౌరవం పొందే మృదంగానికి రెండు వైపులా ఉన్నది తోలే. తబలాపై ఉన్నదీ తోలే. ఇతర దేశాలలో కూడా పలకను పోలిన వాద్యాలు ఉన్నాయి. ఇరాన్ దేశంలో దఫ్ అనే వలయాకారపు తోలు వాద్యం ఉంది. కుర్దుల సూఫీ మఠాలలో భగవన్నామ స్మరణకు దానిని పవిత్రంగా వాయిస్తారు. ఐర్లండులో మేక తోలు బిగించిన బోధ్రాన్ అనే వాద్యం ఉంది. అది ఒకప్పుడు పల్లెటూళ్లలో పండుగనాడు ఇల్లిల్లూ తిరిగే కుర్రవాళ్ల చేతి వాద్యం. 1960వ దశకంలో షాన్ ఓ రియాడా అనే సంగీత విద్వాంసుడు దానిని కచేరీ వేదికకు ఎక్కించాడు. తోలు అన్ని చోట్లా ఒకటే. కనుక మైల తోలులో లేదు. దానిని ముట్టిన మనిషిని చూసే చూపులో ఉంది.

ఇటువంటి చూపు మన దేశానికే పరిమితం కాదు. జపాను దేశంలో తైకో అనే పెద్ద డోళ్లు ఉన్నాయి. అక్కడి దేవాలయాలలో, పండుగలలో అవి మోగని చోటు లేదు. వాటికి తోలు సిద్ధపరచి బిగించే పనిని అక్కడ కూడా కొన్ని కుటుంబాలకే అప్పగించి, వారిని వెలివాడలలో ఉంచారు. వారిని బురాకు ప్రజలు అంటారు. 1871లో జపాను ప్రభుత్వం ఈ భేదాన్ని చట్టరీత్యా రద్దు చేసినా, పెండ్లి సంబంధాలలోను ఉద్యోగాలలోను వివక్ష పోలేదు. ఒసాకా నగరంలోని నానివా ప్రాంతం తరతరాలుగా డోళ్లు తయారు చేసిన చోటు. అక్కడివారు చేసిన డోళ్లను ఇతరులు వాయించి పేరు పొందారు. చేసినవారి పేరు ఎక్కడా వినపడలేదు. 1987లో ఆ వాడ యువకులు తామే ఒక బృందంగా ఏర్పడి డోలు చేతబట్టారు. తమ బృందానికి ఇకారి అని పేరు పెట్టుకున్నారు. జపాను భాషలో ఆ మాటకు కోపం అని అర్థం. ఆ కోపాన్ని వారు రాళ్లుగా విసరలేదు. దరువుగా మలిచి జనం ముందు ఉంచారు.

జపానులో తోలు పని చేసినవారికి మాట దక్కలేదు. వెస్టిండీస్ దీవులలో ఒకటైన ట్రినిడాడ్‌లో ఏకంగా డోలు మోతకే సంకెళ్లు వేశారు. చెరకు తోటలలో పని చేయించడానికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజల సంతతివారు అక్కడ డోళ్లు వాయిస్తూ ఉత్సవాలు జరుపుకొనేవారు. డోలు మోగితే జనం గుమిగూడుతారని, గుమిగూడితే తిరగబడుతారని ఆంగ్లేయ పాలకులు భయపడ్డారు. 1884లో చట్టం చేసి డోలు వాయింపును అణచివేశారు. జనం ఊరుకోలేదు. వెదురు బొంగులను నేలకు కొట్టి దరువు పుట్టించారు. తరువాత బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చెత్త డబ్బాలు చేతబట్టారు. 1940వ దశకంలో నూనె కంపెనీలు పారవేసిన ఇనుప పీపాలను తెచ్చి, వాటి అడుగు భాగాన్ని సుత్తితో సొట్టలుగా కొట్టి, ఒక్కొక్క సొట్ట ఒక్కొక్క స్వరం పలికేటట్లు చేశారు. దానికి స్టీల్ పాన్ అని పేరు. మొదట్లో దానిని వాయించేవారిని రౌడీలని ఈసడించేవారు. పెద్దలు తమ పిల్లలను ఆ బృందాల దాపులకు పోనిచ్చేవారు కారు. 1951లో ఒక బృందం లండన్ వెళ్లి వాయించినప్పుడు విన్నవారు ఆశ్చర్యపోయారు. 1992లో ట్రినిడాడ్ ప్రభుత్వం స్టీల్ పాన్‌ను జాతీయ వాద్యంగా ప్రకటించింది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11వ తేదీని ప్రపంచ స్టీల్ పాన్ దినంగా నిర్ణయించింది.

ఆ ప్రాంతంతో మన పలకకు కూడా సంబంధం ఉంది. బానిసత్వం రద్దయిన తరువాత అక్కడి చెరకు తోటలకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడలలో తీసుకుపోయారు. గయానాకు 1838 నుంచి, ట్రినిడాడ్‌కు 1845 నుంచి ఈ వలస సాగింది. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తెలుగువారు, తమిళులు ఉన్నారు. వారి సంతతిలో చాలామంది భాషను మరచిపోయారు. వాద్యాన్ని మాత్రం మరువలేదు. గయానాలో అమ్మవారి పూజలలో నేటికీ ఒక గుండ్రని తోలు వాద్యం మోగుతుంది. దాని పేరు తప్పు. మన తప్పెటే అది. సముద్రాలు దాటిపోయినా పేరు, నాదం రెండూ నిలిచాయి.

ఇంకొంచెం దక్షిణానికి పోతే దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని మాంటెవిడియో. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారి సంతతి ప్రజలు అక్కడ సూర్, పలెర్మో, కోర్డోన్ అనే పేటలలో ఎక్కువగా నివసించేవారు. వారి కళ కందోంబె. చికో, రెపీకె, పియానో అనే మూడు రకాల డోళ్లను భుజానికి తగిలించుకొని, ఒక చేతితోను, మరొక చేతిలోని పుల్లతోను వాయిస్తూ వీధులలో నడుస్తారు. ఆ ఊరేగింపు మొదలు కావడానికి ముందు వీధి పక్కన మంటలు వేస్తారు. డోళ్లను ఆ మంటల చుట్టూ నిలిపి తోలు కాచుకుంటారు. కాగేంత సేపూ ఇరుగుపొరుగువారు చేరి కబుర్లు చెప్పుకుంటారు. నంగలి ప్రాంతంలో జాతరకు ముందు పలకలు కాచుకొనేవారు ఈ దృశ్యాన్ని చూస్తే పరాయి దేశం అనుకోరు.

ఈ పేటలకు కూడా కష్టకాలం వచ్చింది. 1978లో సైనిక ప్రభుత్వం మాంటెవిడియోలోని మెదియో ముందో అనే పెద్ద లోగిలిని ఖాళీ చేయించి కూల్చివేసింది. ఎన్నో కుటుంబాలు కలిసి కాపురముంటూ కందోంబెను పోషించిన లోగిలి అది. ఆ సంవత్సరం డిసెంబరు 3న అక్కడివారు చివరిసారిగా తమ డోళ్లు వాయించి వీడ్కోలు చెప్పారు. ఇండ్లు పోయాయి గాని దరువు పోలేదు. 2006లో ఆ దేశపు పార్లమెంటు చట్టం చేసి డిసెంబరు 3ను జాతీయ కందోంబె దినంగా ప్రకటించింది. 2009లో యునెస్కో ఈ కళను మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఈ మూడు దేశాల కథలలోను ఒక పోలిక కనిపిస్తుంది. ముందు కళాకారులను తక్కువ చేశారు. తరువాత కళను మెచ్చుకున్నారు. కళను మెచ్చుకోవడం తేలిక, కళాకారుని సమానంగా చూడడం కష్టం. పలక చరిత్రలో కూడా తేల్చుకోవలసింది ఈ విషయమే.

మన దేశంలో 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని నిషేధించింది. దాన్ని పాటించడం నేరం. చట్టం వచ్చినంత మాత్రాన ఊరి అలవాట్లు వెంటనే మారలేదు. తమను అవమానపరచే కులవృత్తులను విడిచిపెట్టమని డాక్టర్ అంబేద్కర్ చేసిన బోధను అనుసరించి ఎందరో చావులకు, జాతరలకు పలక వాయించబోమని నిరాకరించారు. కొన్ని చోట్ల అందుకు దెబ్బలు తిన్నారు, వెలికి గురయ్యారు. వారి నిరాకరణ కళ మీద కాదు, వెట్టి మీద. మరికొందరు వేరొక దారి పట్టారు. ఊరు పిలిచినప్పుడు కాక తాము తలచినప్పుడు, ఊరి కోసం కాక తమ హక్కుల కోసం పలక వాయించారు. 1970వ దశకం నుంచి కర్ణాటకలో దళిత సంఘర్ష సమితి సభలలో, ఊరేగింపులలో తమటె మోగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామంలో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. దండోరా అంటే చాటింపు. ఒకప్పుడు ఇతరుల కబుర్లు చాటినవారు ఇప్పుడు తమ మాటనే చాటారు. మైకులు, సెల్‌ఫోన్లు వచ్చిన కాలంలో ఒక మనిషి చేత డప్పు కొట్టించి చాటింపు వేయించడం అవసరం లేదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ఆ పద్ధతిని నిలిపివేయమని ఉత్తరువు ఇచ్చింది. వాయించే కళను అది ఆపలేదు. వాయించక తప్పని కట్టుబాటును మాత్రమే ఆపింది.

ఈ మార్పునకు దగ్గరి సాక్ష్యం పూర్వపు కోలారు జిల్లాలోనే ఉంది. 2007లో కోలారు నుంచి విడివడి ఏర్పడిన చిక్కబళ్లాపురం జిల్లా శిడ్లఘట్ట తాలూకాలో పిండిపాపనహళ్లి అనే పల్లె ఉంది. ఆ ఊరి తమటె కళాకారుడు మునివెంకటప్పకు భారత ప్రభుత్వం 2023లో పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. 2025లో తమిళనాడుకు చెందిన పఱై కళాకారుడు వేలు ఆసాన్‌కు అదే గౌరవం దక్కింది. ఒకప్పుడు గుడి గడప బయట నిలబెట్టిన వాద్యం రాష్ట్రపతి భవనం గడప దాటింది.

మార్పు ఇంకా జరగవలసి ఉంది. నేడు కళాశాలల ఉత్సవాలలో, రాష్ట్ర పండుగల ఊరేగింపులలో పలక బృందాలను ఆహ్వానిస్తున్నారు. దిండుక్కల్‌లోని శక్తి జానపద సాంస్కృతిక కేంద్రం వంటి సంస్థలు దళిత యువతులకు ఈ కళను నేర్పి వేదికలకు ఎక్కించాయి. ఒకప్పుడు మగవారి చేతికే పరిమితమైన పుల్లలు ఇప్పుడు ఆడపిల్లల చేతులలో కూడా ఆడుతున్నాయి. మరోవైపు తోలు పలకలు తగ్గిపోతున్నాయి. ఇనుప వలయానికి ప్లాస్టిక్ పొర బిగించిన పలకలు వచ్చాయి. అవి వానకు సడలవు, వాటికి మంట అక్కరలేదు, ధర తక్కువ. రోజూ కష్టపడే కళాకారులు వాటిని ఎంచుకోవడాన్ని తప్పు పట్టలేము. అయితే తోలును పదును చేసే విద్య, మంట దగ్గర చెవితో శ్రుతి చూసే నేర్పు తెలిసిన పెద్దలు ఉండగానే వాటిని నేర్చుకొని భద్రపరచుకోవాలి. నేర్చుకునేవాడు ఏ కులంవాడైనా కావచ్చు. ఇష్టంతో నేర్చితే అది కళ, బలవంతంగా నెత్తిన వేస్తే అది వెట్టి.

పాఠశాల వార్షికోత్సవంలో పలక మోగినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు. ఆ మోతకు పాదాలు వాటంతటవే కదులుతాయి. అదే సాయంత్రం ఆ వాయించిన పిల్లవాని ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడిగి తాగగలిగితే, వానిని తన ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని తినగలిగితే, ఆ చప్పట్లకు అర్థం ఉంటుంది. లేకపోతే మెచ్చుకున్నది మోతనే గాని మనిషిని కాదు.

నంగలి ప్రాంతపు బడులలో నేడు అన్ని ఇండ్ల పిల్లలూ ఒకే వరుసలో కూర్చొని అక్షరాలు దిద్దుతున్నారు. వారిలో కొందరి తాతలు రాసే పలకను ఏనాడూ చేత పట్టనివారు. ఆ పిల్లలు తాతల నుంచి దరువును, బడి నుంచి అక్షరాన్ని నేర్చుకుంటే రెండు పలకలూ ఒకే చేతికి వస్తాయి. అప్పుడు పలక కథను ఇతరులు రాయవలసిన పని ఉండదు. వాయించినవారే రాసుకుంటారు.